చిన్నాయన అడిగిన గుట్ట

మొన్న గండిమైసమ్మ దగ్గర బస్సు ఆగిపోయి ఎంతకీ కదలకపోతే, పక్క సీట్లోని కాలేజీ అమ్మాయి ఫోనులో చేస్తున్న పని చూస్తూ కూర్చున్నాను. ఏదో రాతిగుట్ట మీద తీసుకున్న వీడియో ముక్కలను వేలితో కత్తిరించి, అతికించి, నోటి దగ్గర ఫోను పెట్టుకుని రెండు మాటలు చెప్పి, బస్సు కదిలేలోపే ఎవరెవరికో పంపేసింది. ఏ గుట్టమ్మా అని ఉండబట్టలేక అడిగితే, షామీర్‌పేట దిక్కు ట్రెక్కింగ్ పోయినం ఆంటీ అంది. ఆ ఒక్క మాటకే నాకు ఒళ్లంతా ఉత్సాహం పుట్టుకొచ్చి, మేమూ చేసేవాళ్లమమ్మా ఈ పని, అని మొదలుపెట్టబోయాను గానీ ఆ పిల్ల అప్పటికే చెవుల్లో తీగలు పెట్టేసుకుంది. ఆమెకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను, టైపు ఇన్‌స్టిట్యూట్ల చప్పుడు ఎరిగిన నా ఈడువాళ్లు మీరైతే వింటారు.

తొంభైల్లో మేడ్చల్ స్టేషన్‌కు పోయే దారిలోని ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేను పిల్లలకు లోయరూ, హయ్యరూ పరీక్షలకు టైపు నేర్పేదాన్ని. తర్వాత ఆ మిషన్లన్నీ పాత సామానుకు పోయి వాటి స్థానంలో కంప్యూటర్లు వచ్చి కూర్చున్నాయి, వాటితోపాటు నేనూ మారి కంప్యూటర్ టీచరునయ్యాను. మా అత్తగారిల్లు, పుట్టిల్లు రెండూ ఆ ఊళ్లోనే. సాయంత్రం క్లాసులు అయ్యాక ముందు పుట్టింటికి వెళ్లి ఒక చాయ్ తాగితే తప్ప నా కాళ్లు అత్తగారింటి దిక్కు తిరిగేవి కావు. అమ్మ కోసమే కాదు, చిన్నాయన కోసం కూడా.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు, చిన్నమ్మతో ఆ ఇంట్లోనే ఉండేవాడు. ఇరవై ఏళ్లు నాగ్‌పూర్ రోడ్డు మీద లారీ నడిపిన మనిషి. ఆయన ట్రిప్పు నుంచి వచ్చాడంటే వాడకట్టు పిల్లలందరం చుట్టూ చేరేవాళ్లం. ఏ ఘాటు దగ్గర బండి ఎట్లా మూలిగింది, ఏ దాబాలో పప్పు ఎంత కారం, ఎక్కడ పొగమంచులో ముందు పోయే బండి మాయమైంది, అన్నీ మమ్మల్ని కేబిన్‌లో కూర్చోబెట్టి తీసుకెళ్తున్నట్టు చెప్పేవాడు. అట్లాంటి మనిషికి షుగరు వచ్చి, అది ముదిరి, చూపు కొంచెం కొంచెంగా పోయి చివరికి రెండు కళ్లూ పూర్తిగా చీకటైపోయాయి. అప్పటి నుంచి అరుగు మీదికి కూడా రాలేదు. మంగలి ఇంటికొచ్చి గడ్డం గీసి పోయేవాడు. తలుపు వెనక నవారు మంచం మీద కూర్చుని, అడిగితే ఊఁ అనడం, లేకపోతే అదీ లేదు. మా చిన్నమ్మ ఆయనతో పొద్దంతా మాట్లాడి మాట్లాడి, జవాబు రాక, గిన్నెలతో మాట్లాడుకోవడం అలవాటు చేసుకుంది.

ఇట్లా ఉండగా మా పెద్దమ్మ కూతురు అక్క ఒక ఆదివారం నన్ను గుట్టలకు లాక్కుపోయింది. సిటీలో కాలేజీ పిల్లలకు చెట్ల శాస్త్రం చెప్పే అక్కకు సెలవొస్తే నలుగురిని వెంటేసుకుని నడవడం పిచ్చి. షామీర్‌పేటలో బస్సు దిగి, ద్రాక్ష పందిళ్ల పక్కనుంచి మట్టిబాటలో పోయి, సీతాఫలం పొదల మధ్య పెద్ద పెద్ద రాతి గుండ్లెక్కాం. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, చెప్పులు చేతబట్టుకుని నేను ఆ రాతి నడినెత్తికి చేరిన క్షణం నాకిప్పటికీ మరుపు రాదు. పేరులోనే గుండ్లున్న గుండ్లపోచంపల్లి మీదుగా వందలసార్లు బస్సులో తిరిగాను గానీ, ఒక్క గుండునైనా అరికాలితో తాకింది అదే మొదటిసారి. ముప్పై దాటిన ఇల్లాలిని, అక్కడ చిన్నపిల్లలా గెంతాను.

అక్క దగ్గర ఒక డిజిటల్ కెమెరా ఉండేది. ఎక్కడో శిక్షణకు పోయి కొత్త విద్య ఒకటి నేర్చుకొచ్చింది, దాన్ని డిజిటల్ కథ అనేది. నువ్వు తీసిన కొన్ని ఫొటోలు, నువ్వే రాసుకున్న నాలుగు మాటలు, నీ గొంతు, ఈ మూడింటినీ కంప్యూటర్లో కలిపి రెండు మూడు నిమిషాల కథ చెయ్యాలి. నీ దగ్గర కంప్యూటర్లున్నాయి, ఈ గుట్ట కథ నువ్వు చెయ్యి అంది. నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. మర్నాడే రెండు పేజీలు రాసేసి, ఎవరికైనా వినిపించాలన్న ఆత్రంలో, కదలకుండా కూర్చుని ఉండే మనిషి చిన్నాయనే కనుక, ఆయన మంచం దగ్గర స్టూలు వేసుకుని చదవడం మొదలుపెట్టాను. ప్రకృతి కాంత ఆకుపచ్చ చీర సింగారించుకుందనీ, శిలలు మౌనమునులై తపస్సు చేస్తున్నాయనీ సాగింది నా వ్యాసం. చదివి ఆగాను.

"మంచిగనే ఉంది గని బిడ్డా," అన్నాడు చిన్నాయన. "ఇంతకు నువ్వు గుట్టెక్కినవా, లేదా?"

"ఎక్కిన చిన్నాయినా!"

"ఎటు దిక్కుకెల్లి ఎక్కినవు? బండ నున్నగుందా, గరుకుందా? పైన గాలి ఎటుకెల్లి కొట్టింది? నువ్వు జెప్పుడు ఇంటుంటే నాకు గుట్ట దొరుకుత లేదు."

గుట్ట మీద అవేవీ నేను పట్టించుకోనే లేదు. సిగ్గుతో తలెత్తి చూస్తే వంటింటి గడపలో చిన్నమ్మ, పిండి చేతులతో అట్లాగే నిలబడిపోయి ఉంది. ఎన్ని నెలల తర్వాతో ఆయన ఒకదాని వెంట ఒకటి ఇన్ని మాటలు మాట్లాడాడని నాకు అప్పుడు గానీ తట్టలేదు. వాకిట్లోకి నా వెంట వచ్చి, చిన్నమ్మ గొంతు తగ్గించి, వచ్చే ఐతారం గూడ పో బిడ్డా, పోయొచ్చి చెప్పు అంది.

ఇక చూడండి నా ఆదివారాలు! చిన్నాయన అడగబోయే ప్రశ్నలు నాకు గుట్ట మీద ముందే వినబడేవి. ఎండకు కాలిన బండ అరచేతికి ఎట్లా తగులుతుంది, నీడలో ఉన్నది ఎట్లా తగులుతుంది అని రెంటి మీదా చెయ్యి పెట్టి చూసేదాన్ని. బండ గుంతల్లో నిలిచిన వాన నీళ్ల పక్కన కూర్చుంటే, నా అలికిడికి నోరు మూసుకున్న కప్పలు మళ్లీ ఎప్పుడు గొంతు విప్పుతాయా అని ఊపిరి బిగబట్టేదాన్ని. తీతువు మనల్ని చూసి ముందు ఎగిరి తర్వాత అరుస్తుందా, అరిచి ఎగురుతుందా అని అక్కతో వాదన వేసుకునేదాన్ని. తిరిగొచ్చి అన్నీ చెబితే చిన్నాయన ఊరుకునేవాడా, ఇంకోటి అడిగేవాడు, మళ్లీ ఆదివారం దాకా నాకు ఆరాటం. ప్రకృతి కాంత ఎప్పుడు తప్పుకుందో తెలియదు గానీ, నా కాగితాల్లో గుండ్లు గుండ్లలాగే నిలబడసాగాయి.

రాయడం కుదిరింది గానీ గొంతు కుదరలేదు. క్లాసులయ్యాక ఇన్‌స్టిట్యూట్ షట్టరు దించి, చప్పుడు రాకుండా ఫ్యాన్లు ఆపేసి, చెమటలు కక్కుతూ మైకు ముందు చదివేదాన్ని. ఒకసారి రైలు కూత, ఒకసారి పక్కింటి కుక్కరు, అన్నీ నా కథలోకి వచ్చిపడేవి. అన్నీ బాగా కుదిరిన రోజున విని చూస్తే నేను రేడియోలో వార్తలు చదువుతున్నట్టు ఉంది. అక్క విని, నువ్వు మీ చిన్నాయనకు చెప్పినట్టు చెప్పవే, అంది. ఎదురుగా ఆయన ఉంటే కదా అన్నాను. అయితే ఆయన్నే తీసుకురా అంది.

ఆయన ససేమిరా అన్నాడు. "నేను రాను. బజాట్ల నలుగురు జూస్తరు."

చిన్నమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "జూస్తే జూడనియ్యి! వాళ్లు నీకు కనవడరు గద, ఇగ నీకేంది పరేషాన్?" అని అరిచేసింది. అరిచి, ఎంత మాటన్నానో అని తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది విని చిన్నాయన నవ్వాడు. ముందు ముక్కుతో, తర్వాత భుజాలు కదిలేలా నవ్వి, "తువ్వాల ఇయ్యే, పోయొస్త" అన్నాడు. చిన్నమ్మ నవ్వుతూ ఏడుస్తూ తువ్వాలు వెతికింది.

ఆ సాయంత్రం మైకు పక్కన ఆయన నా ఎదుట కుర్చీలో కూర్చున్నాడు, నేను కాగితం పక్కన పెట్టి గుట్ట ఎక్కడం చెప్పాను. సీతాఫలం పొదలు దాటి గుండు మొదట్లోకి చేరానో లేదో, "ఆగాగు, చెప్పులు ఇడిసినవా లేదా?" అని పెద్దగా అడిగేశాడు. ఇడిసిన చిన్నాయినా అంటూనే నేను ముందుకు పోయాను. పాడైపోయింది, మళ్లీ చెయ్యాలి అనుకుంటూ ఉంటే, అక్క ఆ ప్రశ్నను తీసేయడానికి వీల్లేదని పట్టుబట్టి, సరిగ్గా అక్కడ నా చెప్పుల ఫొటో అతికించింది.

ఇన్‌స్టిట్యూట్‌లోనే ఒక ఆదివారం అక్క గుంపునూ, మా వాళ్లనూ కూర్చోబెట్టి కథ వేసి చూపించాం. చిన్నాయన ప్రశ్న దగ్గర గది గొల్లుమంది, అయిపోగానే ఇంకోసారి, ఇంకోసారి అని గోల. చప్పట్లు ఎటునుంచి వస్తున్నాయో అటల్లా తల తిప్పుతూ ఉన్న చిన్నాయన, అవి సద్దుమణిగాక లేచి నిలబడి, "వచ్చే ఐతారం నేను గూడ వస్త" అన్నాడు. అమ్మ వద్దంటే వద్దంది. చిన్నమ్మ మాత్రం కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చింది.

షామీర్‌పేటలో బస్సు దిగి హోటల్లో చాయ్‌కి ఆగాం. గల్లా దగ్గరి ముసలాయన, ఒకప్పుడు నాగ్‌పూర్ రోడ్డు మీద దాబా నడిపినవాడట, చిన్నాయనను చూసి, లేచి, పరుగులాంటి నడకతో వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అరే భాయ్! కిత్తే దినా హోగయే! ఏడబోయినవు గిన్నేండ్లు? నీ బండి హారన్ ఇనకుంటే నాకు తెల్లారకపోయేది!" చిన్నాయన ఆ చేతులను తడిమి తడిమి చూసి పేరు పెట్టి పిలిచేసరికి ఆ ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరూ మాటల్లో పడితే మా గుట్ట ఆ రోజుకు లేనట్టే అనుకున్నాం.

అయినా ఎక్కాం. ఆయన చెయ్యి నా భుజం మీద. నేను ఎడమ, కుడి, పల్లం అని చెబుతూ ఉన్నాను, వెనక చిన్నమ్మ దేవుళ్లందరినీ పిలుస్తూ ఉంది. పైకి చేరాక చిన్నాయన బూట్లు విప్పి బండ మీద అరికాళ్లు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చాడు. "ఇగ నేను జెప్త, నువ్వు ఇను" అన్నాడు. కింద పందిళ్లలో మందు కొట్టే మిషను నడుస్తోందన్నాడు, చూస్తే నిజంగానే నడుస్తోంది. కుడిపక్క నీళ్ల గుంత ఉంది, గాలి చల్లగా తగులుతోందన్నాడు. అంతలో గాలి మళ్లింది. ముక్కు ముడిచి, "ఇది జవహర్‌నగర్ దిక్కు!" అన్నాడు. సిటీ చెత్తంతా పోసేది అక్కడే కదా, మేమందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వుకు ఎక్కడినుంచో తీతువు అరుస్తూ లేచింది.

ఆ తర్వాత కొన్నేళ్లు చిన్నాయన లేని ఆదివారం లేదు. ద్రాక్ష కోతల కథ, చెరువు అలుగు పారిన కథ, నాగ్‌పూర్ రోడ్డు కథ, చాలా చేశాం. ఆయన పోయాక కూడా కొంతకాలం నడిచాం, తర్వాత అక్క మోకాళ్లు మొరాయించాయి. ఇప్పుడు ఆ దారిన పోతే పందిళ్ల జాగాలో గోదాములు, కాలనీల కమాన్లు. గుండ్లు చాలావరకు కంకరై ఎవరెవరి ఇళ్ల పునాదుల్లోనో ఉన్నాయి, మా ఇంటి కిందా ఉన్నాయేమో. ఇప్పటి పిల్లలు మాకంటే ఎంతో అందంగా తీస్తారు, చెబుతారు, చూస్తే నాకు ముచ్చటే. కాకపోతే మాకు, చూసినదాన్ని చెప్పడానికి ఇంటికి చేరేదాకా ఆగాల్సి వచ్చేది. దుమ్ము కాళ్లతో బస్సులో నిలబడి, ఏదీ మరిచిపోకూడదని మాటలు కూడబెట్టుకుంటూ వచ్చేవాళ్లం, ఆ దారి పొడుగునా గుట్ట మాతోనే ఉండేది. ఇప్పుడు దేన్నీ అట్లా ఇంటిదాకా మోసుకొచ్చే పని లేదు, బరువు తగ్గిందని సంతోషించాలో ఏమో, నాకు మాత్రం ఆదివారం సాయంత్రాలు చేతులు ఖాళీగా ఉన్నట్టుంటుంది.