ఆర్ఫా హేగెన్ వెనక తలుపు

ఆర్ఫా హేగెన్ మీద కేసు పెట్టారని విన్నప్పుడు నా దాణా కొట్లో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆర్ఫా మీదా? ముందూ వెనకా ఒక్క పురుగు లేని రోడ్డు మీద కూడా మలుపు దీపం వేసి మరీ బండి తిప్పే మనిషి మీదా? తన గొర్రెలు కంచె దాటి పక్కవాడి గడ్డి రెండు పరకలు కొరికాయని కేకు చేసుకుని వెళ్లి క్షమాపణ చెప్పే మనిషి మీదా? ఎందుకు పెట్టారో తెలిశాక మాత్రం ఒళ్లు మండింది. నాకింకా మండుతూనే ఉంది. అందుకే దాణా కొట్టు లైల్ అనే నేను ఇది రాస్తున్నాను.

మాది కొండలకు ఎండిన వైపు. వానలన్నీ అవతలి వైపు, రాజధానిలో చట్టాలు చేసేవాళ్ల మీద కురుస్తాయి. మాకు మిగిలేది గాలి, గోధుమ, గొర్రెలు. ఇక్కడ పోలీసు అధికారి షెరీఫ్‌కి ఫోను చేస్తే మనిషి వచ్చేలోపు బంగాళాదుంపలు ఉడికించుకుని తినేసి గిన్నెలు కూడా కడుక్కోవచ్చు. అందుకే ప్రతి ఇంట్లో తుపాకీ ఉంటుంది. గొర్రెలు ఈనే రోజుల్లో నక్కల కోసం, కాలు విరిగి బాధపడే గుర్రం కోసం, శరత్కాలంలో జింక మాంసం కోసం. టీవీల్లో చూపించినట్టు బల్లల మీద పారేసుకుని తిరగం. బీరువాలో పెట్టి తాళం వేస్తాం. నడక నేర్చిన పిల్లకి కూడా ఆ బీరువా జోలికి పోకూడదని తెలుసు.

ఆర్ఫా మొగుడు నార్మన్ ట్రాక్టరు తిరగబడి పడుచుతనంలోనే పోయాడు. గొర్రెలమ్ముకుని పట్నం పొమ్మని అందరూ చెప్పారు. "గొర్రెలు అమ్ముకుని పట్నంలో ఎవర్ని మేపను?" అంది. మేపింది, ఉన్ని కత్తిరించింది, కంచెలు తనే వేసుకుంది. తోడుగా తమ్ముడు ఐవర్ ఉండేవాడు. వాడి పొలం వేలంలో పోయిన చలికాలం వాడూ పోయాడు. ఎలా పోయాడో మా లోయలో అందరికీ తెలుసు. ఆ రోజు వాడి తుపాకీ బీరువా తాళం తీసి ఉంది. ఎవరూ నోటితో అనరు.

ఐవర్‌ని పూడ్చి వచ్చాక చర్చి కింద గదిలో భోజనాలు పెట్టారు. అందరం పళ్లేల్లోకి చూసుకుంటూ నములుతున్నాం. ఆర్ఫా లేచి నిలబడింది.

"మీలో ఎవడికైనా ఇంట్లో ఆ వస్తువు బరువనిపిస్తే, తెచ్చి నా ఇంట్లో పడెయ్యండి. వెనక తలుపు నుంచి రండి. ఎందుకని అడిగితే ఒట్టు" అని మళ్లీ కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంది.

అలా మొదలైంది. పెళ్లాం పోయినవాడు, పంట పోయినవాడు, తాగుడు మాని చేతులు వణుకుతున్నవాడు దుప్పట్లో చుట్టిన తుపాకీతో ఆమె వెనక తలుపు తట్టేవాడు. ఆమె దాన్ని సామాన్ల గదిలో జామ్ సీసాల పక్క ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి మెళ్లో వేసుకుని, కాఫీ పోసేది. మాటలన్నీ వాన గురించీ, ఉన్ని ధర గురించీను. కొన్నాళ్లకి అతను తిరిగి వస్తే మొహంలోకి చూసేది. ఇంకా కుదుటపడలేదనిపిస్తే, "ఇప్పుడు తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తులేదురా, వచ్చే వారం రా" అనేది. తాళంచెవి మెళ్లోనే వేలాడుతుండేది. చూసి కూడా ఎవడూ మారుమాట్లాడేవాడు కాదు. నా భార్య నన్ను వదిలి వెళ్లిపోయిన చలికాలం నా తుపాకీలూ ఆ బీరువాలోనే ఉన్నాయి. ఆమెకి రెండు వారాలు తాళంచెవి గుర్తురాలేదు. ఈ పూట ఇలా కూర్చుని రాస్తున్నానంటే అందుకే.

ఇలా ఉండగా రాజధానిలో కొత్త చట్టం చేశారు. అవతలి వైపు ఏదో ఊళ్లో ఒక దుర్మార్గుడు దొంగిలించిన తుపాకీతో మనుషుల్ని చంపాడు. ఆ వార్త విన్న రోజు నేనూ కొట్టు మూసేశాను, నేనూ మనిషినే. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, వాడు చేసిన పాపానికి మా మీద పడ్డారు. ఇకమీదట తుపాకీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారాలంటే ఇద్దరూ లైసెన్సున్న దుకాణానికి వెళ్లాలి, ఇద్దరి గుట్టూ అక్కడ విప్పాలి, అనుమతి వచ్చేదాకా ఆగాలి. రక్తసంబంధీకులకి మాత్రం మినహాయింపు. మాకు దగ్గర దుకాణం కనుమ దాటి పట్నంలో ఉంది. దొంగ ఏ దుకాణానికి వెళ్లాడో ఆ చట్టం రాసినవాళ్లే చెప్పాలి.

ఇంకెవరైనా అయితే నోరుమూసుకుని ఊరుకునేవాళ్లు. ఆర్ఫా ఊరుకోలేదు. చట్టం వచ్చిందంటే దానికి లోబడాలి అనుకునే మనిషి. చర్చికి వేసుకునే కోటు వేసుకుని, జిల్లా ప్రభుత్వ వకీలు దగ్గరికి తనే బండి నడుపుకుంటూ వెళ్లింది. అతను కొత్తగా వచ్చిన కుర్ర వకీలు.

"బాబూ, ఇరుగుపొరుగువాళ్లు కష్టంలో ఉన్నప్పుడు వాళ్ల తుపాకీలు నా దగ్గర దాచుకుంటారు. ఈ కొత్త చట్టంలో దానికి వీలుందా? లేకపోతే ఏం చెయ్యాలో చెప్పు" అని అడిగింది.

"ఇప్పుడు మీ దగ్గర అలాంటివి ఉన్నాయా మేడమ్?" అన్నాడతను, చాలా మర్యాదగా.

"మూడున్నాయి" అంది ఆర్ఫా.

అడగడానికి వెళ్లినందుకు కేసు! మధ్యాహ్నానికల్లా షెరీఫ్ బండి వచ్చింది. ఆ మూడూ పట్టుకెళ్లారు. నక్కల కోసం వాడుకునే ఆమె సొంత తుపాకీ కూడా పట్టుకెళ్లారు. దాచిపెట్టినవాడు హాయిగా ఉన్నాడు, నిజం చెప్పిన ముసలమ్మ ముద్దాయి అయింది.

కోర్టు ఇచ్చిన వకీలు మంచివాడే. "చట్టంలో ఒక వెసులుబాటు ఉందండీ. ఎవరి ప్రాణమైనా అప్పటికప్పుడు ప్రమాదంలో ఉంటే తుపాకీ తీసి పెట్టుకోవచ్చు. ఆ ముగ్గురూ ఎందుకిచ్చారో జడ్జి ముందు చెప్పండి, కేసు కొట్టేస్తారు" అన్నాడు.

"నిండు కోర్టులోనా?"

"అవునండీ. వాళ్లు కూడా వచ్చి సాక్ష్యం చెప్పాలి."

"వాళ్లు మా ఇంటికి వెనక తలుపు నుంచి వచ్చారు. నేను వాళ్లని ముందు తలుపు నుంచి బజార్లోకి నెట్టను" అంది ఆర్ఫా.

నోరు విప్పనందుకు జరిమానా వేశారు. దాంతోపాటు షరతు పెట్టారు: ఆమె ఇంటి గడపలో ఇంకొక్క తుపాకీ కనిపిస్తే జైలే.

ఆ చలికాలం మొదట్లో ఎల్డన్ ట్వెట్ భార్య డాగ్నీ చనిపోయింది. ఎల్డన్‌కి పిల్లల్లేరు, తోబుట్టువుల్లేరు, డాగ్నీ తప్ప మాట్లాడే మనిషి లేడు. మంచు మొదలయ్యాక నా కొట్టుకి రావడం మానేశాడు. ఒకరోజు నేను ఆర్ఫా ఇంట్లో గడ్డకట్టిన పంపు బాగుచేస్తుంటే వెనక తలుపు చప్పుడైంది. ఎల్డన్. చేతుల్లో దుప్పటి మూట. గడ్డం పెరిగిపోయి ఉంది. ఎక్కడో చూస్తున్నాడు.

"నీకు వీల్లేదని తెలుసు ఆర్ఫా. ఇంకెక్కడికి పోవాలో తెలీలేదు" అన్నాడు.

"నాకివ్వు ఎల్డన్. పట్నం పోయి దుకాణంలో నా పేరు మీద రాయిద్దాం" అన్నాను నేను.

"కనుమ మూసేశారు కదయ్యా. మంచు" అన్నాడు. నిజమే. ఆ పొద్దున్నే మూసేశారు.

ఎల్డన్ నిండు కోర్టులో కారణం చెప్పుకుంటే తప్ప, నేను ఊరికే పట్టుకున్నా నేరమే. పట్టుకుందామనే చెయ్యి చాచాను. ఆర్ఫా నన్ను మోచేత్తో పక్కకి నెట్టి మూట తీసుకుంది.

"కూర్చో, కాఫీ పెడతా" అంది ఎల్డన్‌తో. మూట సామాన్ల గదిలో పెట్టి తాళం వేసి, మా ఇద్దరి ఎదుటే షెరీఫ్ ఆఫీసుకి ఫోను చేసింది. దొంగతనంగా ఏదీ చెయ్యడం ఆ మనిషికి చేతకాదు.

షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ వచ్చాడు, పేరు రస్. మా లోయలో పుట్టినవాడే. గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు.

"ఎందుకు ఫోను చేశావు పిన్నీ? నాకు తెలియకపోతే బావుండేది కదా."

"దీన్ని మీ ఆఫీసులో తాళం వేసి ఉంచు. వసంతం దాకా. అంతే."

"కేసులో సాక్ష్యమైతేనే మా బీరువాలో పెట్టే రూలు. కేసు లేకుండా ఉంచుకోవడానికి లేదు. నేనేం చూడలేదనుకుని వెళ్లిపోతా. తుపాకీ ఎల్డన్‌కి ఇచ్చెయ్. అతని సొత్తు, అతని మీద ఏ మచ్చా లేదు. చట్టప్రకారం అతని దగ్గరే ఉండాలి."

చట్టప్రకారం! ఆ లోయ మొత్తంలో ఆ రోజు తుపాకీ చేత పట్టకూడని మనిషి ఒక్కడే ఒక్కడు. చట్టం వెతికి వెతికి వాడి చేతికే ఇమ్మంటోంది. వాడు నోరు తెరిచి వద్దంటున్నా ఇమ్మంటోంది.

ఆర్ఫా కాఫీ గిన్నె దించింది. స్టవ్ ఆపింది.

"కేసు రాస్తే మీ బీరువాలో ఉంటుందా?"

"ఉంటుంది. విచారణ, శిక్ష అన్నీ అయ్యేదాకా. కానీ పిన్నీ, ఈసారి జైలే."

"రాయి మరి."

ఎల్డన్ కుర్చీలోంచి లేచాడు. "వద్దు ఆర్ఫా. నాకోసం వద్దు. ఇచ్చెయ్, నేను పోతాను."

"ఎక్కడికి పోతావురా? గొర్రెలు ఈనే రోజులొస్తున్నాయి. నేను జైల్లో కూర్చుంటే వాటికి నీళ్లెవరు పెడతారు, నీ తాతా? ఈ లైల్‌గాడికి పిల్ల అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో తెలీదు. నీకు తెలుసు. ఈ ఇంట్లోనే పడుకో. పొయ్యి ఆరనివ్వకు" అని కోటు తీసుకుంది.

రస్‌ కాగితం మీద ఆమె పేరు రాస్తూ ముక్కు తుడుచుకోవడం నేను చూశాను. తుపాకీ అతని బండి వెనక పెట్టాడు. ఆర్ఫా ముందు కూర్చుంది. సంకెళ్లు వెయ్యాలన్నది రూలు. అతను వెయ్యలేదు. దానిమీద ఎవరైనా విచారణ చేస్తే నేను సాక్ష్యం చెప్పను.

చలికాలమంతా ఆర్ఫా జిల్లా జైల్లో ఉంది. ఎల్డన్ ఆమె కొట్టంలోనే పడుకున్నాడు, మోచేతుల దాకా రక్తంతో గొర్రెపిల్లల్ని బయటికి లాగాడు. తల్లి తన్నేసిన పిల్లల్ని పొయ్యి దగ్గర పెట్టెల్లో పడుకోబెట్టి సీసాతో పాలు పట్టాడు. మొదట్లో నేను రోజూ వెళ్లి చూసేవాణ్ణి. ఒకరోజు, "ప్రతిసారీ నా మొహం చూడ్డానికేనా వస్తావు? వచ్చినవాడివి ఆ గడ్డిమోపు అందుకో" అని కసిరాడు. తిరిగి వస్తూ బండిలో నేనేడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆర్ఫా విడుదలై వచ్చింది. నేరస్థురాలు కాబట్టి ఇక బతికినంతకాలం తుపాకీ ముట్టుకోకూడదట. ఆమె సామాన్ల గదిలో ఇప్పుడు జామ్ సీసాలు మాత్రమే ఉన్నాయి. మా లోయలో కష్టాలు మాత్రం తగ్గలేదు. వెనక తలుపు తట్టేవాళ్లు లేరు. ఆమెని మళ్లీ జైలుకి పంపడం ఇష్టంలేక ఎవరి బరువు వాళ్లింట్లోనే పెట్టుకుంటున్నారు. దాని ఫలితం ఏమవుతుందో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. చట్టం చేసినవాళ్లకి పడుతుందనుకుంటాను.

మొన్న ప్రభుత్వం ప్రకటన పత్రికలో పడింది. కొత్త చట్టం బ్రహ్మాండంగా పనిచేస్తోందట. మా జిల్లాలో తుపాకీ నేరస్థుల్లో ఒకరిని ఇప్పటికే జైలుకి పంపారట. నా కొట్లో అది పైకి చదివాను. ఎల్డన్ గొర్రెలు నాకే ఉప్పుదిమ్మెలు బండిలోకి ఎత్తుతున్నాడు. ఎత్తినదాన్ని కింద పెట్టాడు.

"ఆ ఒకరు జైలుకి వెళ్లకపోతే నేను పోయేవాణ్ణి లైల్" అన్నాడు. "నన్ను ఏ లెక్కలోనూ రాసేవాళ్లు కాదు."