సూది పట్టే చెయ్యి

మా ల్యాబులో కోతుల నెత్తురు తీసే పెద్ద మేడమ్‌ది నగర్తపేట. సూది గుచ్చే ముందు కోతి అరచేతిని తన చేతిలోకి తీసుకుని, "తప్పయిందప్పా" అనేవారు వాళ్ల పేట యాసలో.

కోతి జీనోము చదవడం పూర్తయిన రోజు దాన్నీ మన జీనోమునూ తెరమీద పక్కపక్కన పెట్టి చూశాం. చాలామటుకు ఒక్కటే. ఒకే పూర్వీకుల బిడ్డలం.

"ఇంత దగ్గరైతే మనకిచ్చే మందులు ముందు వీటిమీద పరీక్షించొచ్చు మేడమ్!" అన్నాను ఉత్సాహంగా.

"ఇంత దగ్గరోళ్లని తెలిసినాక సూది గుచ్చేది ఎట్లప్పా?" అన్నారావిడ.

అయినా ఆ పని మానలేదు. రిటైరయ్యేదాకా మరొకరికి ఇవ్వనూ లేదు.

ఇప్పుడు ఆ సూది నా చేతికొచ్చింది. అరచెయ్యి పట్టుకుంటే కోతి నా వేలు గట్టిగా పట్టుకుంటుంది. "తప్పయింది" అనడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.