పద్మావతక్క సన్నబడిన ఏడాది

పరగడుపున ల్యాబులో కూర్చున్నప్పుడు, స్పిరిట్‌తో తడిపిన దూది మోచేతి మడతలో చల్లగా తగులుతుంది. ఆ వాసనకు నాకు పద్మావతక్క గుర్తుకొస్తుంది. విడవలూరు హైస్కూల్లో ఆమె లెక్కల టీచరు, నేను సోషల్ టీచర్ని. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఇద్దరం బాగా లావు. పక్కన ఆమె ఉంటే నా లావు నాకు కనిపించేది కాదు.

ఒకసారి బళ్లో వైద్య శిబిరం పెట్టి మా రక్తం పరీక్షించారు. ఇద్దరికీ ట్రైగ్లిజరైడ్లు, చెడు కొలెస్ట్రాల్ ఎక్కువ. మంచి కొలెస్ట్రాల్ తక్కువ. నెల్లూరులో డాక్టరు విడమరిచి చెప్పారు. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే పడి ఉండదట. అందులోంచి కొవ్వు కాలేయానికి చేరితే, కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా చేసి రక్తంలోకి వదులుతుంది. అవి పెరిగితే మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. గుండెకు అదే చేటు. బరువు కొంచెం తగ్గినా రక్తంలో తేడా తెలుస్తుందనీ, చాలకపోతే మాత్రలు ఇస్తాననీ అన్నారు. బయటికి రాగానే నేను కూల్‌డ్రింక్ కొనుక్కున్నాను. ఆమె మంచినీళ్లు తాగింది.

మర్నాటి నుంచి బడి వదిలాక ఆమె మైదానం చుట్టూ నడవడం మొదలుపెట్టింది. అన్నం తగ్గించింది, వేపుళ్లు మానేసి పులుసులకు దిగింది. నన్నూ రమ్మని పిలిచింది. మోకాళ్ల నొప్పులని చెప్పి ఆటో ఎక్కేశాను. ఆరు నెలలకు ఆమె జాకెట్లు వదులయ్యాయి, రిపోర్టులో అంకెలు దిగాయి. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే నేను అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేదాన్ని. ఆమె మొహంలో కళ తప్పిందని నలుగురితో అన్నాను. అంతటితో ఆగలేదు. నెల్లూరు నుంచి వారం వారం మలై కాజాలు తెచ్చి ఆమె ముందు పెట్టేదాన్ని.

ఒకరోజు ఆమె ఆ డబ్బా మూసి నా వైపు జరిపింది.

"నా మీద కోపమా, సుజాతా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"కోపం కాదక్కా. కుళ్లు."

ఆమె నెమ్మదిగా అంది: "మా నాయన గుండెపోటుతో పోయినాడు. ఆయనా నా మాదిరే లావు. ఆ భయంతో నడస్తా ఉండాను, గొప్పకు కాదు. ఒక్కదాన్నే నడవలేక నిన్ను పిలిస్తే నువ్వు ఆటో ఎక్కి పోయినావు."

ఆమెకు కూడా తోడు కావాలని నాకు అప్పటిదాకా తట్టలేదు. సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ సాయంత్రం ఆమె వెనకాలే మైదానంలోకి దిగాను. నా బరువు ఆమె అంత తగ్గలేదు, మాత్రలూ వేసుకోవాల్సి వచ్చింది. అయినా ఏడాది తిరిగేసరికి నా రక్తం రిపోర్టు కూడా మెరుగుపడింది.

తర్వాత ఆమెకు జువ్వలదిన్నె వైపు బదిలీ అయింది. అక్కడ చిన్న వయసు కొత్త టీచరమ్మ ఒకామె తోడుగా నడుస్తోందని విన్నప్పుడు మళ్లీ కుళ్లు పుట్టింది. ఈసారి మాత్రం దాచుకోకుండా అక్కకే ఫోనులో చెప్పేశాను. ఆమె నవ్వి, "ఆదివారం రామ్మా, ముగ్గురం నడుద్దాం" అంది.

వెళ్లాను. ఆ పిల్ల నాకంటే చాలా వేగంగా నడిచింది. అసూయపడుతూనే నేనూ చివరిదాకా నడిచాను.