కల్లు లెక్కలోకి రాదన్నాను

దాదాపు ఐదేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. నవ్వినా గుచ్చుకుంటుంది. నేనేమో బాగా నవ్వే మనిషిని. మీరు నన్నెరగరు కాబట్టి మీకే ముందు చెప్తున్నాను. సిద్దిపేటలో నాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఇంతకంటే అడగకండి, ఈ ఊళ్లో ఇంకొక్క ముక్క చెప్పినా ఇంటికొచ్చి పలకరిస్తారు.

ఒకప్పుడు నేను పచ్చి తాగుబోతుని. పొద్దున షట్టర్ ఎత్తకముందే ఒక క్వార్టర్ దిగేది. ఒకసారి చేతులు వణికి పెళ్లివాళ్ల ముందే బిందెల వరస మొత్తం కూలదోశాను. ఆ చప్పుడుకి బజారంతా పరుగెత్తుకొచ్చింది. మర్నాడే నా భార్య దవాఖాన గోడ మీద కాగితంలో చూసిన అడ్రసు రాసుకొచ్చి నా జేబులో పెట్టింది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున పదింటికి రావచ్చట, పేరు కూడా చెప్పనక్కర్లేదట. చూస్తే, ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీది గది. ఎవరైనా గుర్తుపడతారని హెల్మెట్ తీయకుండానే మెట్లెక్కాను. లోపల కిటికీలో అప్పటికే ఐదు హెల్మెట్లున్నాయి. అందులో రెండు నడిచొచ్చినవాళ్లవి! పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్న ఆ పెద్దమనుషుల్ని చూసి ఎన్నాళ్లకో కడుపారా నవ్వాను. వాళ్లూ నవ్వారు. ఆ రోజు నుంచి బ్రాందీ, విస్కీ, బీరు ముట్టలేదు. ఒట్టు.

కల్లు తాగాను.

మీటింగు అవగానే నా బండి కొండపాకకు, అత్తగారింటికి పోయేది. ఆదివారం అక్కడ కోడికూర, లొట్టి నిండా కల్లు. మా వైపు కల్లును ఎవరూ తాగుడు కింద లెక్కేయరు. ఎండకు చలువంటారు, మూత్రంలో రాళ్లకు మంచిదంటారు. చిన్నప్పుడు కడుపునొప్పంటే మా అవ్వ గ్లాసెడు పోసి పడుకోబెట్టేది. నేనూ అది తాగుడు కాదనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకుంటే, ఏడాది నిండిన రోజు అందరూ చప్పట్లు కొట్టి నా మెడలో దండ వేసినప్పుడు ఆ ఒక్క ముక్క ఎందుకు దాచాను? ఈ వారం ఏమీ ముట్టలేదని చెప్పేటప్పుడు మనుషుల మొహాలు వదిలి గోడ మీది ఎక్కాల చార్టు ఎందుకు చూసేవాణ్ణి? తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

అప్పుడే మల్లేశం వచ్చాడు. కోహెడ కుర్రాడు, ఆటో నడుపుతాడు. మూడు నెలలు గట్టిగా నిలబడ్డాడు. ఒక ఆదివారం మెట్ల దగ్గర టీ తాగుతూ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, మా చెల్లె పెండ్లి ఉన్నది. మా దిక్కు కల్లు పోయకుంటే పెండ్లే కాదంటరు. ఒక్క లొట్టి తాగచ్చా?"

"కల్లేం జేస్తదిరా? గది లెక్కలకే రాదు. తాగు, ఏం గాదు."

"నువ్వు తాగుతవా మల్ల?"

"నా ముచ్చట నీకెందుకు? అడిగినవ్, చెప్పిన."

"నువ్వంటే సాలన్నా. ఇగ నాకు రంది లేదు."

పై వారం అతని బెంచీ ఖాళీ. పెళ్లిలో కల్లుతో మొదలై సాయంత్రానికి బ్రాందీ దాకా వెళ్లిందట. ఆటో ఇంటి ముందే దుమ్ము పట్టింది. భార్య పాపనెత్తుకుని మద్దూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ నేను కొండపాక పోతూనే ఉన్నాను. ఇదీ రాయాలి కదా, రాశాను.

తర్వాత ఒక ఆదివారం మల్లేశం మళ్లీ వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. మానేసి పది రోజులైందన్నాడు. ఎవరి తప్పూ లేదు, నా నోరే ఆగలేదు అని అందరికీ చెప్పాడు. నా వైపు కన్నెత్తి చూడలేదు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? లేచి భుజం తట్టి, జాగ్రత్తగా ఉండాలి తమ్ముడూ అని నీతులు చెప్పాను. ఛీ, ఏం బతుకు! ఆ మధ్యాహ్నం అత్తగారు లొట్టి ముందు పెడితే చేయి రాలేదు. జ్వరమొచ్చిందేమోనని ఆవిడ నా నుదురు పట్టి చూసింది. ఆ రోజుతో కల్లూ ఆగింది.

ఇప్పుడు మల్లేశం భలే హుషారుగా ఉన్నాడు. భార్య తిరిగొచ్చింది, పాప ఆ ఆటోలోనే బడికి పోతుంది. కొత్తవాళ్లొస్తే నన్ను చూపించి, అన్నలాగా ఉండాలంటాడు. వింటే సిగ్గుతో చచ్చిపోతాను. చెప్పొద్దూ, కాస్త గొప్పగానూ ఉంటుంది. ఆ గొప్పే నా నోరు కట్టేసింది. నిజం తెలిస్తే అతను నా మొహం చూడడేమోనన్న భయం ఒకటి.

వచ్చే ఆదివారం నాకు ఆరేళ్లు నిండుతాయని పండుగ చేస్తున్నారు. మా గదిలో పెద్దరికమంటే మానేసిన రోజుల లెక్కే. ఆరంకె వేయించి కేకు చెప్పిందీ మల్లేశమే. నిన్న దుకాణంలో కూర్చుని వేళ్ల మీద సరిగ్గా లెక్కేశాను. నాకు ఆరు కాదు, నాలుగే. అతను తిరిగొచ్చిన రోజే నా మొదటి రోజు. అతనికి అప్పటికే పది రోజులు. అంటే మల్లేశమే నాకంటే పెద్ద! గిన్నెల మధ్య ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

ఆదివారం అందరి ముందు చెప్తాను. మల్లేశం తిట్టొచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. ఆ ఎనిమిది నెలలు తిరిగివ్వలేను కాబట్టి క్షమించమని అడగను. చెప్పాల్సింది రెండు ముక్కలే. మల్లేశాన్ని తాగమన్నది నేను. అప్పుడు నేనూ తాగుతున్నాను.

హమ్మయ్య.