నేను సంతకం పెట్టని పొటాషియం రిపోర్టు

2023 ఎండాకాలం. బాన్సువాడలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్ని. నాకు మొదటి నుంచీ అనుమానం ఎక్కువ. కూరగాయల తక్కెడ నుంచి రక్తం మిషన్ దాకా దేన్నీ తేలిగ్గా నమ్మను. ఇంట్లో వాళ్లకు అది విసుగు, ల్యాబ్‌లో మాత్రం అదే నాకు అన్నం పెట్టింది.

ఆ రోజు పెద్ద కొడప్‌గల్ వైపు తండా నుంచి సోమ్లిబాయి అనే అరవై ఏళ్ల అవ్వ వచ్చింది. కాళ్లలో తిమ్మిర్లు, నీరసం. నర్సు సునీత పర్పుల్ మూత ట్యూబులో ఒకటి, ఎర్ర మూత ట్యూబులో ఒకటి రక్తం తీసి పంపింది. మిషన్ పొటాషియం 9.1 అని చూపించింది. మామూలుగా అయిదు దాటితేనే మేం ఉలిక్కిపడతాం.

పొటాషియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్ వదులుకుంటే అయాన్ అవుతుంది. మన ఒంట్లో ఈ అయాన్లు ఎక్కువగా కణాల లోపలే ఉంటాయి, బయట రక్తంలో చాలా కొద్దిగా. ఆ తేడా మీదే గుండె కొట్టుకుంటుంది. రక్తంలో అంత పెరిగితే గుండె ఆగిపోవచ్చు.

డాక్టర్‌గారికి చెప్పాను. "ఈసీజీ మిషన్ రిపేర్‌లో ఉంది, ఎదురుచూడలేం. ఇన్సులిన్, గ్లూకోజ్ రెడీ చేయిస్తాను. అంబులెన్స్ కూడా పిలవండి" అన్నారు. ఇన్సులిన్ పొటాషియంను కణాల్లోకి తోస్తుంది. రిపోర్టు నిజమైతే అది ప్రాణం నిలిపే మందు. అబద్ధమైతే మామూలుగా ఉన్న పొటాషియం పడిపోయి, అదే గుండెకు ముప్పు.

రిపోర్టు మీద సంతకం పెట్టకుండా ముందు మిషన్‌ను అనుమానించాను. కంట్రోల్, అంటే విలువ ముందే తెలిసిన ద్రవం, పెట్టి చూశాను. సరిగ్గానే చూపింది. వార్డులోకి వెళ్తే అవ్వ మంచం మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది.

"ఏంది బిడ్డా, గట్ల సూస్తున్నవ్? నా రొట్టె మీద పడ్డదా నీ కన్ను?" అంది. నాకు నవ్వు రాలేదు.

తిరిగొచ్చి అదే రక్తంలో కాల్షియం చూశాను. దాదాపు లేదు! అంత తక్కువైతే చేతులు కొంకర్లు పోవాలి, ఆమె హాయిగా రొట్టె తుంచుకుంటోంది. అప్పుడు నా అనుమానం సునీత మీదికి మళ్లింది. పర్పుల్ మూత ట్యూబులో ఈడీటీఏ అనే పొడి ఉంటుంది. అది రక్తంలోని కాల్షియం అయాన్లతో గట్టి బంధాలు వేసుకుని వాటిని వదలదు. కాల్షియం లేనిదే రక్తం గడ్డకట్టదు కాబట్టి అది అక్కడ అవసరమే. కానీ ఆ పొడిలోనే పొటాషియం కూడా ఉంటుంది. అందుకే పొటాషియం చూడాలంటే ఆ పొడి లేని ఎర్ర మూత ట్యూబే వాడాలి.

"సునీతా, పర్పుల్‌ల నుంచి రెడ్‌లకు పోసినవా?"

"లే అక్కా."

"నా మొకం సూసి చెప్పు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవ్వకు నరం దొర్కలే అక్కా. రెండుసార్లు పొడిసినంక, ఉన్న రక్తమంత గుంజుతున్నవ్, ఇగ వద్దు బిడ్డా అని దండం పెట్టింది. రెడ్‌ల తక్కువ పడ్డది. పర్పుల్‌ల నుంచి జర పోసిన."

"సార్, ఇన్సులిన్ ఆపండి!" అని అరుస్తూ వార్డులోకి పరుగెత్తాను. సిరంజి అప్పటికే ట్రేలో ఉంది. అవ్వను బతిమాలి నేనే మళ్లీ రక్తం తీశాను. పొటాషియం 4.3, కాల్షియం కూడా మామూలే. అంబులెన్స్ ఖాళీగా వెళ్లిపోయింది.

సాయంత్రం సునీతను అడిగాను. "తక్కువ పడ్డదని ఒక్క మాట నాకు చెప్తే అయిపోతుండె గద?"

"మొన్న తక్కువ పంపితె అందరి ముందట తిట్టినవ్ గదక్కా. భయమైంది."

నిజమే, తిట్టాను. ఆ రోజంతా మిషన్‌నూ మనిషినీ అనుమానించాను కానీ, అవ్వ ప్రాణం మీదికి తెచ్చింది నా నోరేనని నాకు తట్టనే లేదు. ఇప్పటికీ దేన్నీ తేలిగ్గా నమ్మను. కాకపోతే ఎర్ర ట్యూబులో రక్తం తక్కువ వస్తే, "నరం దొర్కలేదా?" అని మెల్లగా అడిగి, సూది పట్టుకుని నేనే వార్డులోకి వెళ్తాను.