వీధి మొత్తానికి ఒకటే ప్లగ్గు

ప్లగ్గు నా చేతిలోకి ఊడి వచ్చిన మరుక్షణం మా వీధంతా నోరు మూసుకుంది. నా కొంప మునిగిందని నాకు తెలిసింది సరిగ్గా అప్పుడే.

మామూలుగా ఆ వేళకు మా వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చాలు, సీరియల్ ఒక్క ముక్క కూడా పోకుండా వినవచ్చు. మొదటి ఇంట్లో కోడలు "అత్తయ్యా" అని మొదలుపెడుతుంది. పక్కింటి ముందుకు వచ్చేసరికి ఏడుపు అందుకుంటుంది. మూడో ఇంటి దగ్గర ముక్కు చీదుతుంది. అలాంటి ఏడుపు మా ఇంట్లో, పక్కింట్లో, ఎదురింట్లో, అంతటా ఒక్కసారే తెగిపోయింది. ఎవరో పెద్దావిడ గొంతు మాత్రం వినిపించింది. "అయ్యో, గ్లాసు ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయిందే."

నేను మా వరండాలో, చేతిలో ప్లగ్గుతో, గోడకు బల్లిలా అతుక్కుపోయాను.

పిల్లలు నిద్రపోయారు కాబట్టి ఇది ధైర్యంగా రాస్తున్నాను. చదివి నవ్వుకోండి. మా వీధివాళ్ళు నవ్వినంత మాత్రం నవ్వకండి.

మాది బందరులో చిలకలపూడి. నా పుట్టిల్లు గుడివాడ. బీయస్సీ ఫిజిక్సు చదివాను. ఈ చదువు సంగతి కాస్త గుర్తుంచుకోండి, కాసేపట్లో నన్ను వెక్కిరించడానికి పనికొస్తుంది.

సీరియళ్ళ మీద, సినిమాల మీద నాకు చాలా అభిప్రాయాలున్నాయి. అవి నా దగ్గరే ఉంటే ఇబ్బంది లేదు, అడగని వాళ్ళకు కూడా చెబుతాను. ఆ ఇళ్ళల్లో పట్టుచీర కట్టుకుని, వడ్డాణం పెట్టుకుని ఎలా పడుకుంటారు? ఒకరు తుమ్మితే పదిమంది మొహాలు ఒక్కొక్కటే ఎందుకు చూపిస్తారు? అంత పెద్ద మేడలో ఒక్కరైనా వంకాయలు కొనరా? పిల్లలకు హోంవర్కు ఉండదా? సినిమాలైతే ఇంకా ఘోరం. ఊరంతటినీ కాపాడే హీరోకు సొంత చెల్లెలు ఎప్పుడు ఇంటికొస్తుందో తెలియదు.

పక్కింటి అన్నపూర్ణమ్మ పిన్నిగారు నా మాటలన్నీ ఓపికగా వినేవారు. వాళ్ళది రోల్డుగోల్డు పని చేసే ఇల్లు. ఆవిడ సీరియల్ చూసే కారణమే వేరు. "ఏడిస్తే ఏడవనీ పద్మా. ఆ అత్తగారి మెడలో హారం చూశావా, అది మన చిలకలపూడిదే. మెరుపు చూస్తే తెలియట్లా" అనేవారు.

అప్పట్లో నడుస్తున్న సీరియల్లో అత్తగారు పాలల్లో విషం కలిపింది. ఆ సంగతి తెలిసి కూడా కోడలు గ్లాసు ఎత్తింది. వారం రోజులుగా ఎత్తుతూనే ఉంది. మా అత్తయ్య ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు.

అదీ భరించేదాన్నే. కానీ మా చిన్నాడు బుజ్జి ఒకటో తరగతి. బడిలో వాడి పెన్సిలు పోయిందట. వాడు గుండె మీద చెయ్యి వేసుకుని, "ఈ అవమానం భరించి నేను బతకలేను" అన్నాడట. టీచరమ్మ నన్ను పిలిపించింది. "మీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా అండీ?" అని చాలా మెల్లగా, జాలిగా అడిగింది. ఆ జాలికి నేను సిగ్గుతో చచ్చిపోయాను. పైగా వాడికి మర్నాడే ఎక్కాల పరీక్ష. మూడో ఎక్కం దాటి ఒక్కటీ రాదు.

ఇంటికి వస్తూ దారిలోనే నిర్ణయం తీసుకున్నాను. ఈ ఇంట్లో ఆ సీరియల్ ఉండాలి, లేదా నేనుండాలి.

అత్తయ్య చూస్తుండగా టీవీ కట్టేయడం నా తరం కాదు. అందుకని బుర్ర వాడాను. కేబుల్ సుబ్బారావు గారు ఎప్పుడో మా వరండాలో ఒక ఇనప డబ్బా బిగించి వెళ్ళారు. దానికో ప్లగ్గు ఉంది. మాకు కనెక్షన్ ఉచితం కూడా. ఆయన మావారికి క్లాసుమేటు కదా, ఆ మొహమాటంతో ఇచ్చారనుకున్నాను. ఆ ప్లగ్గు పీకితే మా టీవీ ఒక్కటే ఆగుతుంది, కేబుల్ పోయిందంటే అత్తయ్య నమ్ముతుంది, బుజ్జి ఎక్కాలు చదువుతాడు. ఇదీ నా పథకం.

నిజానికి అది వీధి మొత్తానికి బొమ్మ పంపే డబ్బా. మా కరెంటు వాడుకుంటున్నందుకే మాకు కనెక్షన్ ఉచితం. ఆ సంగతి వీధిలో పాలవాడికి కూడా తెలుసు. ఫిజిక్సు చదివినదాన్ని నాకే తెలియదు.

మళ్ళీ పెట్టేద్దామని వంగాను. ఈలోగా గేటు చప్పుడైంది. అన్నపూర్ణమ్మ గారు, వాళ్ళ కోడలు లక్ష్మి, ఎదురింటి జానీబేగం గారు వచ్చేశారు. ప్లగ్గు వదిలేసి లేచి నిలబడ్డాను. అన్నపూర్ణమ్మ గారు బల్ల మీద కూర్చుని, వీపు సరిగ్గా ఆ స్విచ్చి బోర్డుకే ఆనించారు. ఆవిడది విశాలమైన వీపు.

"మీకూ పోయిందా పద్మా? సుబ్బారావుకి కబురు పెట్టాం. స్తంభాలన్నీ చూసుకుంటూ వస్తున్నాడు."

"తాగిందో లేదో తెలియకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదమ్మా" అన్నారు బేగం గారు.

వాళ్ళను లోపలికి పంపితే తప్ప ప్లగ్గు పెట్టలేను. ఏం చెప్పి పంపాలి? నా నోరు నాకంటే ముందు కదిలింది.

"లోపలికి రండి, చెబుతాను. గుడివాడలో మా చెల్లికి ఇప్పుడే ఫోన్ చేశాను. అక్కడ వస్తోంది. కథంతా చెప్పింది."

లోపల నుంచి అత్తయ్య అడిగింది. "ఈ టైములో ఎస్టీడీనా? ఫుల్ రేటు కదే అమ్మాయ్."

అందరూ హాల్లో చేరారు. నా తెలివి ఎంత గొప్పదో అప్పుడు తెలిసింది. వినేవాళ్ళను లోపలికి పంపవచ్చు గానీ, చెప్పేదాన్ని నేను బయట ఎలా ఉంటాను? అందరి మధ్యా చాప మీద కూలబడ్డాను. బొమ్మ పోయిన టీవీ గురగురమంటూ చుక్కలు చూపిస్తోంది.

"తాగిందా?" అంది లక్ష్మి.

"తాగలేదు. సింకులో పారబోసింది."

అందరూ ఊపిరి వదిలారు. అక్కడితో ఆపితే నేను బాగుపడేదాన్ని. కానీ ఎన్నాళ్ళ నుంచో పోగేసుకున్న అభిప్రాయాలు, గేటు ఎత్తిన కాలవలా వచ్చేశాయి. కోడలు పెట్టె సర్దుకుందన్నాను. వడ్డాణం తీసి అవతల పడేసి నూలుచీర కట్టుకుందన్నాను. బ్యాంకు పరీక్ష రాసిందన్నాను. పాసయిందన్నాను.

"వారం రోజులు గ్లాసు ఎత్తడానికే పట్టింది. ఇవాళ ఒక్క పూటలో ఉద్యోగం కూడా వచ్చేసిందా?" అన్నారు బేగం గారు.

"ఇవాళ కాస్త తొందరగా నడిపించారట."

"మరి ఆ అత్తగారు?" అంది మా అత్తయ్య, కళ్ళజోడు సర్దుకుని.

ఇక్కడైనా ఆగాల్సింది. "తప్పు తెలుసుకుంది. కోడలికి తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చింది" అన్నాను. లక్ష్మి మొహం వెలిగిపోయింది. ఇద్దరు అత్తగార్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సరిగ్గా అప్పుడు టీవీలో బొమ్మ వచ్చింది.

ఆ కోడలు పట్టుచీరలో, వడ్డాణంతో, అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. "గ్లాసు చెయ్యి జారింది అత్తయ్యా, పాలు ఒలికిపోయాయి. నన్ను క్షమించండి" అని ఏడుస్తోంది. పదిమంది మొహాలూ ఒక్కొక్కటే చూపించి, సశేషం వేశారు.

మా హాల్లో ఉన్నవాళ్ళు కూడా అదే పద్ధతిలో ఒక్కొక్కరే నా వైపు తిరిగారు.

"మీ గుడివాడలో వేరే సీరియల్ వేస్తున్నట్టున్నారు" అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

సుబ్బారావు గారు చేతులు దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. "ఏం లేదండీ. ఎవరో ప్లగ్గు పీకారు. మీ వరండాలోదే. నేను ఊళ్ళో స్తంభాలన్నీ ఎక్కి దిగాను."

అప్పుడు మా బుజ్జి లేచాడు. నా ముందుకొచ్చి, రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఆ పాపం చేసింది నేనే. మా అమ్మను ఒక్క మాట అన్నా ఊరుకోను. శిక్ష ఏదైనా నాకే వెయ్యండి."

మా అమ్మాయి స్వాతి నింపాదిగా అంది. "వాడు నా పక్కనే కూర్చున్నాడు. ప్లగ్గు దగ్గరికి వెళ్ళింది అమ్మే."

ముందు బేగం గారు నవ్వారు. తర్వాత సుబ్బారావు గారు. అన్నపూర్ణమ్మ గారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుని మంచినీళ్ళు అడిగారు. పీకింది నేనేనని, బడిలో టీచరమ్మ మాటలతో సహా అంతా చెప్పేశాను. టీచరమ్మ మాట వచ్చేసరికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

"ఆ ముక్క ముందే చెప్తే పరీక్షల వారం మేమే సౌండు తగ్గించుకునేవాళ్ళం కదా పిల్లా" అన్నారు అన్నపూర్ణమ్మ గారు. వెళ్తూ వెళ్తూ లక్ష్మి మాత్రం గుమ్మం దగ్గర ఆగి నెమ్మదిగా అడిగింది. "పద్మక్కా, ఆ బ్యాంకు ఏ ఊళ్ళో అనుకున్నారు?"

అందరూ వెళ్ళాక అత్తయ్య మంచం మీద కూర్చుని నన్ను పిలిచింది. "ప్లగ్గు పీకావు, సరే. కానీ అత్తగారి చేత కాఫీ పెట్టించావు చూడు, అది మరీ ఎక్కువ" అంది.

మర్నాడు పొద్దున్న కాఫీ ఎప్పటిలాగే నేనే పెట్టాను. ఆవిడ గ్లాసు ఆవిడకిచ్చి, పిల్లలిద్దరినీ ఇనప డబ్బా ముందు నిలబెట్టి, నేనూ నిలబడి, ఆ డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఈ ప్లగ్గు ముట్టుకోను. ఏ కోడలు ఏ గ్లాసు ఎత్తినా అడ్డం వెళ్ళను. గుడివాడ పేరు చెప్పి కథలల్లను.

బుజ్జి బ్యాగు తగిలించుకుని అక్కడే నిలబడ్డాడు. "అమ్మా, మరి ఆవిడ బ్యాంకులో చేరిందా?"

ప్రమాణం చేసిన చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంది. తీసేశాను.

"చేరబోయిందిరా. కానీ మేనేజరు గారు గుమ్మంలోనే ఆపి నాలుగో ఎక్కం అడిగారు. పాపం, ఆవిడకు గుర్తు రావట్లేదు. నువ్వు గట్టిగా చెప్తే ఆవిడకు వినిపిస్తుంది" అన్నాను.