నా కొలతలతో కుట్టిన స్కర్టు

వదినంటే నాకు కుళ్లు. ఇప్పుడు పెద్దదాన్నయ్యానని దానికి ఇంకో మర్యాదైన పేరు పెట్టబోవడం లేదు. సూళ్లూరుపేట నుంచి వాకాడు దగ్గరి మా పల్లెకి కోడలిగా వచ్చిందామె, తన కుట్టుమిషన్‌తో సహా. వచ్చిన నెలలోనే మా అమ్మని బుట్టలో వేసుకుంది. చంకల దగ్గర పట్టేయకుండా జాకెట్టు కుట్టిచ్చిందని, అమ్మ అది వేసుకుని ఊళ్లో ఆడవాళ్లందరికీ చూపించి వచ్చింది. "మా కోడలి చెయ్యి బంగారం మే!" అని ఒకటే మురిపెం. నేను ఇంటర్‌లో కాలేజీకంతా రెండోదాన్నయిన రోజు అదే అమ్మ, చేపలకి ఉప్పు పట్టిస్తూ, తలైనా ఎత్తకుండా, "మొదట ఎవురొచ్చినారు?" అంది.

నాకు కావలసింది ఒక్కటే. నేను చేసిన పనిని చూసి అమ్మ బాగుందనాలి. కోడలిని మెచ్చుకున్న పనిలోనే మెచ్చుకోవాలి.

మిషన్ తొక్కడం నాకు నేర్పింది వదినే. అదొక మంట. అందుకే కత్తిరించడం మాత్రం ఆమెని అడగలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, న్యూస్‌పేపర్లు అతికించి, నా నడుము నేనే కొలుచుకుని స్కర్టుకి కాగితం గీశాను. గొడుగులా విచ్చుకునే లాంగ్ స్కర్టు. బట్టని మధ్యకి మడిచి, మూలన నడుము కోసం చిన్న వంపు, కింద అంచు కోసం పెద్ద వంపు. లెక్కల్లో ఎప్పుడూ తప్పు చేయని దాన్ని, నాకు ఒకరు చెప్పాలా?

"కుట్టుకి ఎంత వదిల్నావు పాపా?" అని వదిన గుమ్మంలోంచి అడిగింది.

"వదిల్నాలే, నీకెందుకు?" అన్నాను.

రెండంగుళాలు వదిలాను. కానీ నడుము వంపుకి పైన వదలాల్సింది కిందికి జరిపి కోశాను. ఆ వంపు ఒక్క అంగుళం కిందికి జరిగితే నడుము చుట్టూ మూడంగుళాలు పెరుగుతుంది. అప్పుడది బుర్రకి తట్టలేదు. నడుము పట్టీ అతికించబోతే చాల్లేదు. నా కాగితం తప్పని ఒప్పుకుంటానా? పట్టీయే పొట్టిదయిందని దాన్ని తిట్టుకుంటూ ఇంకో ముక్క అతికించి సాగదీశాను. హుక్కు కూడా కుట్టి, అద్దం ముందు తొడుక్కున్నాను.

చేతులు వదలగానే స్కర్టు సర్రున పాదాల మీద పడింది.

వదిన నవ్వలేదు. నవ్వినా బాగుండేది, నాలుగు మాటలు అని తీర్చుకునేదాన్ని. "ఇట్టియ్యి, రెండు కుచ్చులు పెడితే సరిపోద్ది," అంటూ చెయ్యి చాపింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె రెండు కుచ్చులు పెడితే ఇంకది ఆమె కుట్టిన స్కర్టే అవుతుంది కదా! చుట్టచుట్టి ఆమె మీదికి విసిరేశాను.

"నువ్వే ఏసుకో పో!"

"నిజంగానే?" అంది.

అప్పటికి ఆమెకి ఐదో నెల. పాత చుడీదార్లేవీ పట్టక వారం నుంచీ రెండు నైటీలతోనే నెట్టుకొస్తోంది. నోరు జారాక వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు. "నిజంగానే," అన్నాను పళ్లు కొరుకుతూ. లోపలికెళ్లి వేసుకుని వచ్చింది. నడుం దగ్గర అచ్చు గుద్దినట్టు సరిపోయింది. బట్ట మీది నీలం పూలు ఆమె నడిచినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతున్నాయి. ఛీ, ఎంత బాగుందో!

సరిగ్గా అప్పుడే అమ్మ ఎండుచేపల బుట్ట దించి లోపలికొచ్చింది.

"ఏందిది, బలే ఉండాదే! కుట్టుకున్నావా అమ్మాయ్?"

"నేను కాదత్తా, పాప కుట్టింది."

అమ్మ నా వైపు తిరిగింది. చేతులు చీరకి తుడుచుకుని, నా గడ్డం పట్టుకుంది. "ఒదినకి గుడ్డలు చాలడంలేదని కుట్టినావా నా తల్లీ? ఎంత బాగా కుట్టినావే! నీకింత మనసుందని నాకు తెలీకపాయె," అంది. అమ్మ కళ్లల్లో నీళ్లు.

కాదమ్మా, అది నా కోసం కుట్టుకున్నాను, తప్పు కోశాను, కోపంతో విసిరికొట్టాను. ఇవన్నీ గొంతు దాకా వచ్చాయి. చెబితే ఆ చెయ్యి గడ్డం మీంచి తీసేస్తుంది.

అమ్మ భుజం మీదుగా వదిన నన్నే చూస్తోంది. ఒక్క మాటంటే చాలు, నా పరువు గంగలో కలిసేది.

"అవునత్తా," అంది వదిన. "నాకు తెలీకుండా నా కొలతలు తీసుకోవాలని వారం నించీ తిప్పలు పడతా ఉంది పాపం."

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. బాగా కుట్టావనే అమ్మ మాట కోసం పుట్టినప్పటి నుంచీ ఎదురుచూశాను. తీరా వస్తే, అది కూడా వదిన ఇచ్చిందే.